ఇరవైమూడో నంబరు

అర్చనకి కూర్చుంటే కాలు ఊపే అలవాటు. "ఊపకే, ఇంటికి మంచిది కాదు" అని వాళ్ళమ్మ కమలాదేవి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఊరుకుంది. మామూలు రోజుల్లో ఒక కాలే ఊపుతుంది. ఆ శుక్రవారం మధ్యాహ్నం కాలేజీ కంప్యూటర్ ల్యాబులో మాత్రం రెండు కాళ్ళూ ఆగడం లేదు. బల్ల కింద చెప్పుల చప్పుడు భరించలేక పక్క సిస్టమ్ దగ్గరున్న దేవేంద్ర లేచి వేరే వరసలోకి పోయాడు.

ఊపక ఏం చేస్తుంది మరి! తెల్లారితే విశాఖపట్నం నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఉద్యోగాల ఇంటర్వ్యూలకి శ్రీకాకుళంలో అర్చన వాళ్ళ కాలేజీకి వస్తున్నారు. బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం వాళ్ళలో మొదటి పదిమందినే చూస్తామన్నారు. పదకొండో మనిషి గుమ్మంలో నిలబడి దండాలు పెట్టినా లోపలికి రానివ్వరు. ఆ పదిమంది ఎవరో తేల్చేది ఐదు సెమిస్టర్ల మార్కులు. ఏటా ఆ లెక్కంతా ఆఫీసులో రమేష్‌బాబు గారు కాలిక్యులేటర్ నొక్కుతూ, తప్పు పడ్డచోట ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ, దారిన పోయేవాళ్ళని విసుక్కుంటూ తయారుచేసేవారు. ఈ ఏడాది డిపార్టుమెంటు హెడ్డు ఝాన్సీలక్ష్మి మేడమ్‌కి రోషం వచ్చింది.

"మనది కంప్యూటర్ల డిపార్టుమెంటు. మనకి ఎర్ర పెన్నేమిటి, సిగ్గులేకపోతే సరి! అర్చనా, నువ్వు ప్రోగ్రాం రాయి" అంది.

అర్చన రాసింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ముచ్చటగా రాసింది. మార్కులు ఎక్కిస్తే చాలు. ఒక్కొక్కరి సగటు తీస్తుంది, గ్రేడు వేస్తుంది, పెద్ద మార్కు నుంచి చిన్న మార్కు దాకా వరస పేరుస్తుంది. అడుగున క్లాసు మొత్తానికి యావరేజీ ఎంతో, నట్టనడుమ నిలిచే మీడియన్ ఎంతో, అన్నిటికన్నా పెద్దదీ చిన్నదీ ఏవో చెప్పి చేతులు దులుపుకుంటుంది. రిజిస్టరు ముందు పెట్టుకుని మార్కులన్నీ తనే ఎక్కించింది. ఆఖరి అంకె కొట్టి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కింది.

పదో పేరు తనదే. 78.4.

కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. మొదటి పది పేర్లున్న కాగితం నోటీసు బోర్డు మీదికెళ్ళింది. క్లాసందరి పేర్లున్న పెద్ద కాగితం మేడమ్ ఫైల్లోకెళ్ళింది. ఇంట్లో చూపించాలని అర్చన రెండింటికీ ఫోన్లో ఫోటో తీసుకుంది.

బోర్డు దగ్గర రేఖ నిలబడి ఉంది. పొందూరు దారిలో ఒక పల్లె ఆ పిల్లది. వాళ్ళ నాన్న పండించేది వరీ, వరి కోశాక మినుమూ. మూడేళ్ళుగా అర్చనా, రేఖా ఒకే బెంచీ. ఒకరి డబ్బాలో కూర ఒకరు తినని రోజు లేదు. రేఖ కాగితాన్ని పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ కిందినుంచి పైకి చదివింది.

"నా పేరు లేదు గదే" అని నవ్వింది. ఆ నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. "అయిదో సెమిస్టరు గట్టిగానే రాసినాననుకున్నాను. పోనీలే. నువ్వున్నావు గదా."

అర్చనకి పాపం అనిపించింది. అబద్ధమెందుకు, ఒక్క నిమిషమే అనిపించింది. సొంత సంతోషం కడుపు నిండా ఉన్నప్పుడు పక్కవాళ్ళ బాధకి చోటు దొరకడం కష్టం.

సాయంత్రం అరసవల్లిలో ఆటో దిగేసరికి వీధి వీధంతా తెలిసిపోయింది. వాళ్ళ నాన్న భీమశంకరరావుది గుడికి వెళ్ళే దారిలో పూజ సామాన్ల కొట్టు. ఆదివారం గిరాకీ కోసం కొబ్బరికాయలు దింపించుకుంటూ, దింపేవాడికి కూడా కూతురు ఫోన్లో చెప్పిన సంగతి చెప్పేశాడాయన. కొట్టు వెనకే ఇల్లు. అర్చన కాళ్ళు కడుక్కునేలోగా ఎదురింటి వాళ్ళూ పక్కింటి వాళ్ళూ వచ్చి పలకరించి పోయారు.

చీకటి పడుతుండగా రేఖ వచ్చింది. చేతిలో గుడ్డసంచీ. లోపలికి రమ్మన్నా రాలేదు.

"బస్సు తప్పిపోద్ది. ఇదిగో, మా యమ్మ పొందూరెల్లి తెచ్చినాది. ఇంటర్వూకి కట్టుకోవాలని. నాకేటి పనింక దీంతోటి? నువ్వు కట్టుకో. నీకాడ సీరలున్నాయి గానీ అన్నీ మెరుపులే. ఆపీసోళ్ళ ముందరకి ఇదయితే పద్దతిగుంటాది."

సంచీలో పొందూరు నేత చీర. గంధం రంగు, సన్నటి ఎర్ర అంచు. మడత విప్పలేదు.

"నువ్వు రేపు రావా?" అంది అర్చన.

"నానేటి సేయడానికి? మినుము పీకుతన్నారు, సేనుకాడికెల్లాల. బాగా సెప్పే, భయపడిపోకు" అని రేఖ ఆటో కోసం పరుగెత్తింది.

అర్చన చీర విప్పి, అద్దం ముందు భుజం మీద వేసుకుని చూసుకుంది. ఎంత బావుందో! ఆ ముచ్చట్లో ఉండగానే కొట్లోంచి నాన్న కేక వినిపించింది.

"అమ్మలూ, పది అన్నావు సరే, ఎంతమందిలో పది? ఇక్కడ కొట్టుకొచ్చిన బాబుగారు అడుగుతన్నారు."

"యాభై ఎనిమిది మందిలో నాన్నా!"

"యాభై ఎనిమిది మందిలో అండి" అని ఆయన అటు తిరిగి గొప్పగా చెప్పడం వినిపించింది.

అర్చన నవ్వుకుంటూ ఫోను తీసి పెద్ద కాగితం ఫోటో తెరిచింది. ఎన్నో మార్కు దగ్గర ఎవరున్నారో తీరిగ్గా చూసుకుందామని. కళ్ళు అడుక్కి జారాయి. క్లాసు యావరేజీ 66.8. దాని కిందే, మొత్తం విద్యార్థులు 57.

యాభై ఏడేమిటి? ఎవరో మధ్యలో మానేసుంటారనుకుంది. మానేసినవాళ్ళ పేరు రిజిస్టర్లో ఉండదు కదా! పోనీ తనే ఒకరిని ఎక్కించడం మరిచిపోయిందేమో. చీర మంచం మీద పడేసి, ల్యాబు నుంచి పెన్‌డ్రైవులో తెచ్చుకున్న ప్రోగ్రాంని ల్యాప్‌టాప్‌లో తెరిచింది. ఎక్కించిన వరసలు లెక్కపెట్టింది. యాభై ఎనిమిదీ ఉన్నాయి. లోపలికి యాభై ఎనిమిది మంది వెళ్ళారు, బయటికి యాభై ఏడుగురే వచ్చారు. ఎవరో ఒకరు లోపలే ఉండిపోయారు. కాలు ఊగడం మొదలైంది.

పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ఇరవైమూడు, చింతాడ కూర్మమ్మ. ఇరవైనాలుగు, చింతాడ కూర్మమ్మ. ఒకే పేరు రెండు వరసల్లో. ఎక్కించేటప్పుడు ఇరవైమూడు దగ్గర టీ తాగడానికి లేచింది, తిరిగొచ్చి ఇరవైనాలుగుతో మొదలుపెట్టింది. ఈ రోజుల్లో కూడా ఇంత పాతకాలం పేరేమిటని లోపల నవ్వుకుంది కూడా. అంతే తప్ప, ఎవరా అని ఆలోచించలేదు.

ఆ కాలేజీలో హాజరు పేర్లతో వెయ్యరు, నంబర్లతో వేస్తారు. ఇరవైనాలుగు అంటే పలికేది రెండో బెంచీ హేమ. ఇరవైమూడు అంటే...

"ప్రెజెంట్ మేడమ్."

మూడేళ్ళుగా తన కుడి చెవి పక్కనే రోజూ వినిపించే గొంతు. రేఖది.

రేఖా, హేమా అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరికీ నాయనమ్మ కూర్మమ్మ పేరే పెట్టారు. పెట్టారు గానీ, ఇంట్లో ఆ పేరు నోటెత్తడానికి లేదు. అత్తగారి పేరు కోడలు పలకకూడదు. పైగా పిల్లని పేరు పెట్టి తిడితే ముసలమ్మని తిట్టినట్టవుతుంది, ఆవిడ అన్నం మానేసి కూర్చుంటుంది. అందుకని ఒకర్ని రేఖ అన్నారు, ఒకర్ని హేమ అన్నారు, బడి కాగితాల్లో మాత్రం ఇద్దరూ కూర్మమ్మలే అయ్యారు. ఈ కథ రేఖే ఒకసారి పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పింది. అర్చన కూడా నవ్వింది, మరిచిపోయింది.

ప్రోగ్రాంలో జరిగింది ఏమీ పెద్ద మాయ కాదు. ఒక్కొక్కరి మార్కులు ఒక్కో డబ్బాలో వేసి, డబ్బా మీద పేరు అంటించమని అర్చనే రాసింది. రెండో కూర్మమ్మ మార్కులు వచ్చేసరికి ఆ పేరున్న డబ్బా అప్పటికే ఉంది. ప్రోగ్రాం అందులో ఉన్నవి పారబోసి ఇవి పోసింది. రమేష్‌బాబు గారైతే కళ్ళజోడు పైకెత్తి, "ఇదేటి, ఇద్దరున్నారు?" అని అరిచుండేవారు. దీనికి అడగడం తెలియదు. హేమ మార్కులు నిలిచాయి, రేఖ మార్కులు పోయాయి.

డబ్బా మీద పేరు తీసేసి నంబరు అంటించింది. రెండు నిమిషాల పని. మీట నొక్కడానికి మాత్రం చెయ్యి రాలేదు. వంటింట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చింది. దాహం లేదు. కూర్చుంది, లేచింది, కిటికీ వేసింది, మళ్ళీ తీసింది. చివరికి నొక్కింది.

మొత్తం యాభై ఎనిమిది. యావరేజీ 67.1. నాలుగో పేరు చింతాడ కూర్మమ్మ, 84.6. అర్చన పదకొండు.

మళ్ళీ నొక్కింది. ఎన్నిసార్లు నొక్కితే మాత్రం లెక్క జాలిపడుతుందా? పదకొండే. దశాంశాలని దగ్గరి పూర్తి అంకెకి సర్ది చూసింది, పైవాళ్ళు ఇంకాస్త పైకెళ్ళారు తప్ప తను కదల్లేదు. ఐదు సెమిస్టర్లలో అందరికీ తక్కువొచ్చినది వదిలేసి, మిగతా నాలుగిటికీ సగటు తీసి చూసింది. తొమ్మిదికొచ్చింది! చాలా చోట్ల అలాగే తీస్తారు, తప్పేముంది, మేడమ్‌కి అలా చెప్తే సరి అనుకుంది. తీరా చూస్తే ఈసారి పదకొండులోకి దేవేంద్ర పోయాడు. ఉన్నవి పది కుర్చీలు. ఎలా తిప్పినా ఎవరో ఒకర్ని లేపకుండా తను కూర్చునే దారి లేదు.

"ఏటే, అన్నం చల్లారిపోతాంది. ఆ కాలు ఆపవే తల్లీ, మంచం కదిలిపోతాంది" అంది కమలాదేవి గుమ్మంలోంచి. మంచం మీద విప్పిన చీర చూసి ముచ్చటపడింది. "ఎవరిదే? ఎంత బాగున్నాది! రేపు జడ నేను వేస్తాలే."

అర్చనకి ఏడుపొచ్చింది. ఎవరి మీద ఏడవాలో తెలియలేదు. తన మీద తనకి కోపం, ఆ ముసలమ్మ మీద కోపం, ఇద్దరికీ ఒకే పేరు పెట్టినవాళ్ళ మీద కోపం. అన్నిటికన్నా, చీర తెచ్చి చేతిలో పెట్టి పోయిన రేఖ మీద కోపం. అది తేకపోయుంటే ఎంత బావుండేది! నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. ఆ మాటే ఆ పిల్లకి నిద్ర లేకుండా చేసింది.

తెల్లారగానే రేఖకి ఫోన్ చేసింది. తియ్యలేదు. మళ్ళీ చేసింది, తియ్యలేదు. పాత పంజాబీ డ్రస్సు వేసుకుని, చీర మడిచి సంచీలో పెట్టుకుని, స్కూటీ తీసింది.

"పదికి గదమ్మా ఇంటర్వ్యూ? ఇంత పొద్దున్నే ఎక్కడికి? ఇలాగే వెళ్తావేటి?" అన్నాడు భీమశంకరరావు.

"పనుంది నాన్నా" అంది ఆయన మొహం చూడకుండా.

ఏర్పాట్లు చూసుకోవడానికి ఝాన్సీలక్ష్మి మేడమ్ కాలేజీకి పెందలాడే వచ్చింది. అర్చన చెప్పింది అంతా విని తల పట్టుకుంది.

"లిస్టు నిన్ననే పంపించేశానే! ఇప్పుడు మారిస్తే వాళ్ళేమనుకుంటారు? ప్రిన్సిపాల్ గారు నన్ను నిలబెట్టి అడుగుతారు. ఒక్క మనిషి కోసం..." అంటూ బోర్డు మీది కాగితం పీకి తెచ్చి, పేర్ల మీద వేలు కిందికి జరుపుకుంటూ పోయింది. వేలు పదో పేరు దగ్గర ఆగింది. "పదో పేరు నీదే కదే."

"అవును మేడమ్."

మేడమ్ కాగితం పక్కన పెట్టింది. తర్వాత రిజిస్టరు ముందుకు తోసింది. "నీ ప్రోగ్రాం నేను నమ్మను. నా ఎదురుగా కూర్చుని ఒక్కో నంబరుకీ టిక్కు పెట్టు. ఇంకెవరైనా పడిపోయారేమో చూడు." ఇంకెవరూ పడిపోలేదు. మేడమ్ రమేష్‌బాబు గారి బల్ల మీంచి ఎర్ర పెన్ను తెచ్చి, అర్చన పేరు కొట్టేసి, నాలుగో చోట చింతాడ కూర్మమ్మ అని ఇరికించి రాసింది. "కంపెనీ వాళ్ళకి ఫోన్ నేను చేస్తాను. ఆ పిల్లని పదింటికల్లా ఇక్కడ నిలబెట్టడం నీ పూచీ."

నాగావళి మీద వంతెన దాటి, పొందూరు దారి పట్టి, అర్చన ఆ స్కూటీని ఎలా తోలిందో అరసవల్లి సూర్యనారాయణమూర్తికే తెలియాలి. ఇంటి దగ్గర రేఖ తల్లి దాలమ్మ పేడనీళ్ళ చేత్తోనే చేను చూపించింది. "ఇప్పుడేనమ్మా ఎల్లినాది. ఏటయినాది? అలా ఉన్నావేటి?"

రేఖ నెత్తికి తువ్వాలు కట్టుకుని మినుము పీకుతోంది. అర్చన గట్టు మీద నిలబడి, ఊపిరి తిరక్కుండానే అంతా చెప్పేసింది. డబ్బాలూ, పేర్లూ, కూర్మమ్మలూ, నాలుగో ర్యాంకూ. రేఖ పీకిన మొక్కలు చేతిలో పట్టుకుని అలాగే వింది.

"నిన్న నాను సీర తెచ్చినప్పుడే తెలుసునేటి నీకు?"

"లేదే, ఒట్టు! నువ్వెళ్ళాక తెలిసింది."

"ఎల్లినాకంటే రేత్రే గదా. మరి రేత్రే ఎందుకు ఫోన్ సేయనేదు?"

అర్చన తలొంచుకుంది. "లెక్క మారుతుందేమోనని చూశాను."

"మారినాదా?"

"లేదు."

రేఖ చేతిలో మొక్కలు కుప్ప మీద పడేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది సంతోషమో కోపమో అర్చనకి అంతుపట్టలేదు. బహుశా రెండూను. సంచీ లాక్కుని చీర తీసి చూసింది.

"మడత ఇప్పీసినావు. సుట్టుకున్నావు గూడాను."

"ఊ."

"ఇస్త్రీ అంతా పాడు సేసీసినావు గదే! ఇలాగే ఎల్లాల ఇప్పుడు నాను" అని విసవిసా ఇంటి వైపు నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నిలబడిపోనావేటి? బండి తిప్పు."

దారి పొడుగునా రేఖ వెనక సీటు కమ్మీ పట్టుకునే కూర్చుంది. కుదుపొచ్చినప్పుడు మాత్రం అర్చన భుజం పట్టుకుంది. కుదుపు పోగానే వదిలేసింది.

పదింటికి పదిమందీ వరండాలో నిలబడ్డారు. అర్చన మెట్ల దగ్గర, వరసకి బయట నిలబడింది. మేడమ్ కాగితం చూసి పేర్లు పిలుస్తోంది. ముగ్గురు వెళ్ళారు.

"చింతాడ కూర్మమ్మ."

ఎవరూ కదల్లేదు. రేఖ చీర కుచ్చిళ్ళ మీద ముడతలు చేత్తో సాపు చేసుకుంటూ ఎటో చూస్తోంది. పుట్టి ఇరవై ఏళ్ళయినా ఆ పేరుతో ఎవరూ పిలవని పిల్ల, పాపం, ఎలా పలుకుతుంది?

"చింతాడ కూర్మమ్మ! రాలేదా?" మేడమ్ గొంతు పెరిగింది.

"ఇరవైమూడు!" అని మెట్ల దగ్గర్నుంచి అరిచింది అర్చన.

"ప్రెజెంట్ మేడమ్" అంది రేఖ ఉలిక్కిపడి.

వరండా అంతా గొల్లుమంది. రేఖ నాలిక్కరుచుకుని, మొహమంతా ఎర్రబడిపోగా, గబగబా లోపలికి నడిచింది. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. తలుపు మూసుకుంది.

అర్చన ఫోను మోగింది. నాన్న.

"ఏటమ్మా, పిలిచారా?" వెనక కొట్టు సందడి వినిపిస్తోంది. ఎవరో "ఏమయిందటండీ?" అని అడుగుతున్నారు కూడా.

"లేదు నాన్నా. నేను పది కాదు, పదకొండు."

"నిన్న పది అన్నావు గదా?"

"నిన్న ఒకమ్మాయిని లెక్కలో పోగొట్టాను. అది నా తప్పే. పొద్దున్న సరిచేశాం."

వీధి వీధంతా చెప్పుకున్న మనిషి. ఆయన మొహం ఎలా ఉందో అర్చనకి ఇక్కణ్ణుంచే కనిపించింది. తిట్టినా బావుండుననుకుంది.

"ఎవరా అమ్మాయి?" అన్నాడు చివరికి.

"రేఖ."

"నిన్న చీర ఇచ్చెళ్ళినమ్మాయా?"

"ఆ."

కొట్లో ఎవరో కొబ్బరికాయ ధర అడిగితే "ఉండండి" అన్నాడాయన.

"అయితే ఇప్పుడే వచ్చేయకు" అన్నాడు భీమశంకరరావు. "ఆ పిల్ల బయటికొచ్చేదాకా అక్కడే ఉండు. వచ్చినాక ఇద్దరూ కలిసి మనింటికి భోజనానికి రండి. మీ అమ్మకి నేను చెప్తాను."

అర్చన సరేనని మెట్ల మీద కూలబడింది. లోపల్నుంచి రేఖ గొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. కాలు మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. ఈసారి తన కోసం కాదు.